విశాఖ తీరంలో సముద్రపు నీటి పరీక్ష: ఫీల్డ్ ట్రిప్‌కు ముందు అందరూ అడిగే ప్రశ్నలు

డిగ్రీ, పీజీ విద్యార్థులను ఏటా విశాఖ తీరానికి తీసుకెళ్లి సముద్రపు నీటిని పరీక్షించడం నేర్పిస్తుంటాను. ట్రిప్‌కు వారం ముందు నుంచీ ఫోన్ మోగుతూనే ఉంటుంది. పిల్లలు అడుగుతారు, తోటి లెక్చరర్లు అడుగుతారు, తల్లిదండ్రులు కూడా అడుగుతారు. ఎక్కువసార్లు ఎదురైన ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాశాను.

ఎక్కడికి వెళ్తే ఎక్కువ నేర్చుకోవచ్చు?

ఒక్క చోటు చూసి వచ్చేయకండి. నీటి పరీక్షలో అసలు పాఠమంతా పోల్చి చూడడంలోనే ఉంది. మేము మామూలుగా మూడు చోట్లు పెట్టుకుంటాం. ఒకటి భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు. రెండోది రుషికొండ దగ్గర తెరిచి ఉన్న తీరం. మూడోది నగరం మురుగు మోసుకొచ్చే గెడ్డ ఏదైనా సముద్రంలో కలిసే చోటు. ఫిషింగ్ హార్బర్‌లో కూడా నీళ్లు పట్టాలనుకుంటే అది పోర్టు ప్రాంతం కాబట్టి ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

మొదటిసారి వెళ్లేవాళ్లకు భీమిలి తర్వాతే మిగతావి అంటాను. నది లోపలి నుంచి సముద్రం వైపు వంద అడుగులకు ఒకసారి నీళ్లు పట్టి లవణీయత (నీటిలో ఉప్పు ఎంత ఉందో) చూస్తూ వెళ్తే, మంచినీళ్లు ఉప్పునీళ్లుగా మారడం అంకెల్లో కనిపిస్తుంది. అదే చోట అడుగు నీళ్లు, పైనీళ్లు వేర్వేరుగా పట్టి చూడండి. ఉప్పునీరు బరువు కాబట్టి అడుగున దూరుకుని నదిలోకి వస్తుంది, మంచినీరు దాని మీద తేలుతూ పోతుంది. పుస్తకంలో బొమ్మ వేసి చెబితే తలలూపిన పిల్లలు, ఒకే చోట రెండు సీసాల్లో రెండు అంకెలు చూసేసరికి నోరు తెరుస్తారు.

ఏ నెలలో వెళ్లడం మంచిది?

ఫిబ్రవరి చివర లేదా మార్చి అంటాను. కారణం కాస్త వివరంగా చెప్పాలి.

వేసవి మొదలయ్యేటప్పుడు మన తీరం వెంబడి నైరుతి దిక్కు నుంచి గాలి వీస్తుంది. ఆ గాలికి, భూభ్రమణం ప్రభావం తోడై, పైనీరు ఒడ్డు నుంచి లోపలికి జరుగుతుంది. ఖాళీ అయిన చోటికి కింది నుంచి చల్లటి నీరు పైకి వస్తుంది. దీన్నే అప్‌వెల్లింగ్ అంటారు. పైకి వచ్చిన ఆ నీటిలో ఉప్పు ఎక్కువ, నైట్రేట్ ఎక్కువ, ఆక్సిజన్ తక్కువ. ఆ పోషకాలు తిని వృక్షప్లవకాలు, అంటే నీటిలో తేలే కంటికి కనిపించని మొక్కలు, పెరుగుతాయి, వాటి వెంట చేపలు వస్తాయి. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి పాఠాలు చెప్పడానికి వచ్చిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్, ఆయన దగ్గర చదువుకున్న విద్యార్థులు ఈ తీరం మీద చేసిన పని మన దేశంలో సముద్ర శాస్త్రానికి తొలి అడుగుల్లో ఒకటి. ఆ విషయం పిల్లలకు తప్పకుండా చెప్పండి. తాము నిలబడ్డ ఒడ్డుకు అంత చరిత్ర ఉందని తెలిస్తే బకెట్ పట్టుకునే తీరే మారుతుంది.

అక్టోబర్, నవంబర్‌లలో కథ తిరగబడుతుంది. వానాకాలంలో గంగ, బ్రహ్మపుత్ర, మహానది బంగాళాఖాతంలోకి తెచ్చిన మంచినీరంతా తీరం వెంబడి ప్రవాహంతో దక్షిణానికి దిగి వస్తుంది. మార్చిలో 34 (కిలో నీటికి గ్రాముల లెక్కన) దాకా ఉన్న లవణీయత అప్పుడు 30 కంటే కిందికి పడిపోతుంది. రెండు అంకెలూ నిజమే. అందుకే తేదీ లేని అంకెను నేను ఒప్పుకోను. వీలైతే రెండు కాలాల్లోనూ వెళ్లండి. కానీ అక్టోబర్, నవంబర్ తుపానుల సీజన్, వాతావరణ హెచ్చరిక ఉంటే ట్రిప్ వాయిదా వేయడమే.

ఇంకో మాట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు చేపల వేట నిషేధం. ఆ రోజుల్లో బోటు మాట్లాడుకోవడం కష్టం.

ఏ టైముకు బయల్దేరాలి?

ఆటుపోట్లు చూసుకుని బయల్దేరాలి. విశాఖలో పోటుకూ పాటుకూ తేడా మహా అయితే ఒకటిన్నర మీటర్ చుట్టుపక్కల ఉంటుంది. కానీ నది ముఖద్వారంలో ఆ తేడాయే అన్నీ మార్చేస్తుంది. పోటు మీద ఉన్నప్పుడు సముద్రపు నీరు, పాటు మీద ఉన్నప్పుడు నది నీరు మీ సీసాలోకి వస్తుంది. సర్వే ఆఫ్ ఇండియా ఏటా టైడ్ టేబుల్ వేస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ అలల అంచనాలూ హెచ్చరికలూ ఇస్తుంది. రెండూ చూసుకుని బయల్దేరండి.

ఆక్సిజన్ కొలవాలంటే తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం రెండు గంటలకు ఒకసారి. రాళ్ల మధ్య నిలిచిన నీటి గుంటలు ఉన్న చోట ఇది చేసి చూడండి. రాత్రంతా గుంటలోని జీవులన్నీ ఊపిరి తీసుకుంటూ ఆక్సిజన్ వాడేస్తాయి. పగలు నాచు కిరణజన్య సంయోగక్రియతో దాన్ని మళ్లీ నింపుతుంది, కార్బన్ డయాక్సైడ్ లాగేసుకుని, నీటి ఆమ్ల, క్షార గుణం చెప్పే కొలత అయిన పీహెచ్‌ను కూడా పైకి తీసుకెళ్తుంది. ఒకే గుంట, ఒకే రోజు, రెండు వేర్వేరు అంకెలు.

సీసాలు సర్ఫ్‌తో కడిగి తెచ్చుకుంటే చాలదా?

వద్దు. నేను చదువుకునే రోజుల్లో మా బ్యాచ్ చేసిన పెద్ద తప్పు ఇదే. శుభ్రంగా ఉండాలని ముందు రోజు రాత్రి సీసాలన్నీ బట్టల పౌడర్‌తో తోమి, మూడేసి నీళ్లు పోసి కడిగాం. ల్యాబ్‌లో ఫాస్ఫేట్ పరీక్ష చేస్తే ప్రతి సీసా ముదురు నీలంగా తేలింది. తెరిచి ఉన్న తీరంలో పట్టిన నీరు గెడ్డ నీటి కంటే ఎక్కువ ఫాస్ఫేట్ చూపించింది. సముద్రంలోది కాదు అది, డిటర్జెంట్‌లోది. రెండు రోజుల పని చెత్తబుట్టలో పడింది.

పోషకాల కోసం నీళ్లు పట్టే సీసాలను 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానబెట్టి, డిస్టిల్డ్ వాటర్‌తో బాగా కడిగి, మూత పెట్టి తీసుకెళ్లాలి. తీరం మీద, నీళ్లు పట్టే ముందు అక్కడి నీటినే కాస్త పోసి గిలక్కొట్టి పారబోయాలి. అలా మూడుసార్లు. పారబోసేది మీరు నీళ్లు పట్టే చోట కాదు, ప్రవాహం దిగువకు. బ్యాక్టీరియా పరీక్షకు ఇచ్చిన స్టెరైల్ సీసాలను మాత్రం కడగకూడదు, చివరి నిమిషం దాకా మూత కూడా తీయకూడదు.

నీళ్లు పట్టడంలో కూడా పద్ధతి ఉందా?

పరీక్షలో సగం అదే. ఒడ్డున అల విరిగే చోట పట్టిన నీళ్లలో ఇసుక, గాలి బుడగలు నిండి ఉంటాయి. అక్కడ వచ్చే ఆక్సిజన్ అంకె, మడ్డి అంకె దేనికీ పనికిరావు. మోకాలి లోతు వరకు వెళ్లి, మీ కాళ్లు లేపిన ఇసుక కిందికి దిగే వరకు కాసేపు కదలకుండా నిలబడండి. సముద్రం వైపు మొహం పెట్టి, చేయి మీకంటే ముందుకు చాచి, సీసాను తలకిందులుగా నీటిలో ముంచి ఒక జానెడు లోతున తిప్పండి. పైన తేలే నురగ, నూనె లోపలికి రాకుండా ఉండడానికి ఇది.

బోటు మీద అయితే నిస్కిన్ బాటిల్ వాడతాం. రెండు చివర్లా మూతలు తెరిచి ఉన్న గొట్టంలాంటి సీసా అది. కావలసిన లోతుకు దించి, తాడు వెంట మెసెంజర్ అనే చిన్న బరువును జారవిడిస్తే అది వెళ్లి కొట్టగానే రెండు మూతలూ పడిపోతాయి. మెసెంజర్ తగిలినప్పుడు తాడు పట్టుకున్న చేతికి చిన్న కుదుపు తెలుస్తుంది. ఆ కుదుపు అందకపోతే పైకి లాగొద్దు. బోటు ఇంజన్ ఆపించి, పొగ గొట్టానికి అవతలి వైపు నుంచే దించాలి.

నీరు పైకి రాగానే మొదట ఉష్ణోగ్రత. ఎండలో బకెట్ ఎంత తొందరగా వేడెక్కుతుందో చూస్తే మీకే తెలుస్తుంది. తర్వాత ఆక్సిజన్ సీసా, ఆ తర్వాత పీహెచ్, చివరికి మిగతావి. ఈ వరస తప్పొద్దు.

ఇంట్లో ఆర్వో నీళ్లు చూసే టీడీఎస్ పెన్ పనికొస్తుందా?

పనికిరాదు. నీటిలో కరిగిన లవణాలను కొలిచే ఆ పెన్నులు ఎక్కువగా 9,990 పీపీఎం (లీటరుకు మి.గ్రా.) దగ్గర ఆగిపోతాయి. సముద్రపు నీరు లీటరుకు దాదాపు 35 గ్రాములు, అంటే 35,000 పీపీఎం.

నీటిలో వెలుగు ఎంత వంగుతుందో చూసి లవణీయత చెప్పే రిఫ్రాక్టోమీటర్ కొనుక్కోండి. కళ్లజోడు పెట్టెలో పట్టేంత చిన్నది, ఏ అక్వేరియం షాపులోనైనా దొరుకుతుంది. ముందు డిస్టిల్డ్ వాటర్ రెండు చుక్కలు వేసి సున్నా చూపిస్తోందో లేదో సరిచేసుకోండి. తర్వాత గాజు పలకను తుడిచి, సముద్రపు నీరు రెండు చుక్కలు వేసి, బుడగ లేకుండా మూత మూసి, ఆకాశం వైపు ఎత్తి చూడండి. సూర్యుడి వైపు ఎత్తకూడదు. పైన నీలం, కింద తెలుపు, మధ్యలో ఒక గీత. ఆ గీత తాకిన అంకే లవణీయత. డిగ్రీ ట్రిప్‌కు ఇది చాలు. సిల్వర్ నైట్రేట్ టైట్రేషన్ (రంగు మారే దాకా ద్రావణాన్ని కొలిచి కలపడం) కూడా నేర్పుతాం కానీ చేతి తొడుగు లేకుండా ముట్టుకోకండి, వేళ్లు నల్లబడి రోజుల తరబడి పోవు.

పీహెచ్ పేపర్ వాడితే సరిపోదా?

ఐదో తరగతి పిల్లలకు సరిపోతుంది. మీకు సరిపోదు. సముద్రపు నీటి పీహెచ్ 8.1 చుట్టూ తిరుగుతుంది. అందులో తేడాలన్నీ దశాంశం తర్వాతి అంకెల్లోనే. పారిశ్రామిక విప్లవం నుంచి ఇప్పటిదాకా ప్రపంచ సముద్రాల పైనీటి పీహెచ్ సుమారు 0.1 తగ్గింది. వినడానికి చిన్నదే కానీ పీహెచ్ లాగరిథమ్ కొలత కాబట్టి హైడ్రోజన్ అయాన్లు దాదాపు 26 శాతం పెరిగినట్టు. రంగు కాగితం మీద ఆ తేడా కనిపించదు. మీటర్ పట్టుకెళ్లండి, ఆ ఉదయమే పీహెచ్ 7, 10 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో) క్యాలిబ్రేట్ చేయండి. ముందు రోజు చేశాం అంటే నేను ఒప్పుకోను.

వింక్లర్ పద్ధతి అంటే అందరికీ టెన్షన్. నిజంగా అంత కష్టమా?

కష్టం కాదు, తొందరపడితే చెడిపోతుంది. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలవడానికి 1888లో హంగరీ రసాయన శాస్త్రవేత్త లాయోష్ వింక్లర్ చెప్పిన పద్ధతి ఇది. ఇప్పటికీ ఆక్సిజన్ మీటర్లను దీనితో సరిచూసుకుంటారు.

నీటిని సీసాలో పైనుంచి పోయకూడదు. రబ్బరు గొట్టం చివర సీసా అడుగుకు తాకించి, నీరు నెమ్మదిగా నిండి పొంగిపోయేలా వదలండి. సీసాకు రెండింతల నీరు బయటకు పోవాలి. గొట్టం నెమ్మదిగా తీసి, పిపెట్ కొన నీటి లోపలే ఉంచి మాంగనీస్ ద్రావణం ఒక మి.లీ., వెంటనే క్షార అయోడైడ్ ఒక మి.లీ. వేయండి. బిరడాను ఏటవాలుగా జార్చి మూసి, సీసా తిరగేసి వెలుగులో చూడండి. పెసరగింజంత బుడగ కనిపించినా ఆ సీసా వదిలేసి మళ్లీ పట్టాలి. ఎందుకంటే ఆ బుడగలోని ఆక్సిజన్ కూడా లెక్కలోకి వచ్చేస్తుంది.

ఇప్పుడు సీసాను పదిహేను ఇరవైసార్లు తిరగేయండి. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి మేఘంలా లేస్తుంది. తెల్లగా ఉండిపోయిందంటే ఆ నీటిలో ఆక్సిజన్ లేనట్టే. మురుగు నిలిచిన చోట పట్టిన సీసా అలా తెల్లగా ఉండిపోతే పిల్లలు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతారు. మడ్డి సగానికి దిగాక మరోసారి తిరగేసి, మళ్లీ దిగనివ్వండి. ఈ పని తీరం మీదే అయిపోవాలి. ఆక్సిజన్ ఇప్పుడు మడ్డిలో బంధించి ఉంది కాబట్టి సీసాను నీడలో, చీకటిలో పెట్టి ఆ రోజే ల్యాబ్‌కు తీసుకెళ్తే చాలు.

ల్యాబ్‌లో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం ఒక మి.లీ. వేస్తే మడ్డి కరిగి పలచటి టీ డికాక్షన్ రంగు వస్తుంది. 0.025 నార్మల్ సోడియం థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేయండి. గడ్డిరంగు దాకా పలచబడ్డాక స్టార్చ్ వేయాలి, అంతకుముందు కాదు. ముదురు నీలం వస్తుంది. అక్కడి నుంచి చుక్క చుక్కగా. ఒక్క చుక్కతో నీలం పోయి గాజులా తేటబడే క్షణం ఉంది చూశారూ, ఇన్నేళ్లయినా నాకు ఆ చుక్క దగ్గర ఊపిరి ఆగుతుంది. కాసేపటికి గాలి తగిలి నీలం మళ్లీ వస్తుంది, దాన్ని పట్టించుకోవద్దు. 200 మి.లీ. నీరు తీసుకుంటే ఖర్చయిన ఒక్కో మి.లీ. థయోసల్ఫేట్ లీటరుకు ఒక మి.గ్రా. ఆక్సిజన్‌తో సమానం. లెక్క అంతే.

ఎంత వస్తే సరిగ్గా వచ్చినట్టు?

28 డిగ్రీల దగ్గర మన సముద్రపు నీరు గాలితో సమతూకంలో ఉంటే లీటరుకు సుమారు 6.5 మి.గ్రా. పట్టుకుంటుంది. అదే వేడిలో మంచినీళ్లు 7.8 దాకా పట్టుకుంటాయి. ఉప్పు ఎక్కువైనా, వేడి ఎక్కువైనా ఆక్సిజన్‌కు చోటు తగ్గుతుంది. తెల్లవారకముందే పట్టిన సీసాలో 9 వచ్చిందంటే ఎక్కడో బుడగ చేరింది. ఎండలో నాచు నిండిన గుంటలో 9 వస్తే మాత్రం నిజం కావచ్చు.

సెక్కీ డిస్క్ ఇంట్లో చేసుకోవచ్చా?

హాయిగా చేసుకోవచ్చు. నీరు ఎంత తేటగా ఉందో చూసే పళ్లెం ఇది. ఇటలీకి చెందిన ఆంజెలో సెక్కీ 1865లో పోప్ ఓడ మీద నుంచి దించిన తెల్ల పళ్లేనికి ఇది వారసురాలు. 30 సెంటీమీటర్ల స్టీలు ప్లేటుకు తెల్ల పెయింట్ వేసి, మధ్యలో కన్నం పెట్టి, కింద బరువు కట్టండి. తాడుకు అర మీటరుకు ఒక ముడి లేదా రంగు గుర్తు. సాగని తాడు అయి ఉండాలి.

బోటు నీడ పడే వైపు దించండి, కూలింగ్ గ్లాసులు తీసేయండి. ప్లేటు కనబడకుండా పోయిన లోతు ఒకటి, పైకి లాగుతుంటే మళ్లీ కనిపించిన లోతు ఒకటి. రెండిటి సగటు రాసుకోండి. ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 2 లోపు చేయాలి. ఇద్దరు పిల్లలతో విడివిడిగా చేయించి పోల్చండి. నా అనుభవంలో మీటర్లన్నిటికంటే పిల్లలు ఎక్కువ ప్రేమించేది ఈ పళ్లేన్నే.

నైట్రేట్, ఫాస్ఫేట్ అక్కడే చూడొచ్చా?

అక్వేరియం కిట్‌తో రంగు చూపించవచ్చు, ఉప్పునీటి కిట్ అయి ఉండాలి. నమ్మదగ్గ అంకె కావాలంటే నీటిని 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టి, ఐస్‌బాక్స్‌లో పెట్టి ల్యాబ్‌కు తేవాలి. వడకట్టకపోతే సీసాలో ఉన్న సూక్ష్మజీవులు దారి పొడవునా వాటిని తింటూ, వదులుతూ ఉంటాయి. మీరు కొలిచేది సముద్రాన్ని కాదు, సీసాలో ఆ నాలుగు గంటలు జరిగినదాన్ని.

ఈ నీళ్లలో స్నానం చేయొచ్చో లేదో చెప్పగలమా?

ఆ రోజే చెప్పలేం. నీళ్లు తేటగా ఉన్నంత మాత్రాన శుభ్రంగా ఉన్నట్టు కాదు. మన దేశంలో స్నానానికి వాడే తీరపు నీటిని ఎస్‌డబ్ల్యూ-2 తరగతి అంటారు. దానికి పీహెచ్ 6.5 నుంచి 8.5, ఆక్సిజన్ కనీసం లీటరుకు 4 మి.గ్రా., బీఓడీ (మలినాలను కుళ్లబెట్టడానికి బ్యాక్టీరియా వాడే ఆక్సిజన్) 3 మి.గ్రా. లోపు, మడ్డి 30 ఎన్‌టీయూ (మడ్డిని కొలిచే యూనిట్) లోపు, మల సంబంధ కోలిఫామ్ 100 మి.లీ.కు 100 లోపు ఉండాలి. రుషికొండకు 2020లో వచ్చిన బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు)కు 100 మి.లీ.లో మల కాలుష్యాన్ని చూపే బ్యాక్టీరియాలు ఈ.కోలై 250, ఎంటరోకాకస్ 100 హద్దులు.

వీటిలో పీహెచ్, ఆక్సిజన్ మీరు కొలవగలరు. బ్యాక్టీరియాకు స్టెరైల్ సీసా, ఐస్, ఆరు గంటల్లోపు ల్యాబ్, ఆపైన 24 గంటలు ఇంక్యుబేటర్ కావాలి. అప్పటి దాకా "ఈ బీచ్ క్లీన్" అని స్టేటస్ పెట్టకండి.

మా అమ్మాయిని సముద్రంలోకి దింపుతారా?

మోకాలి లోతు దాటనివ్వం. విశాఖ బీచుల్లో వెనక్కి లాగే ప్రవాహాలు ఎంతమందిని బలి తీసుకున్నాయో ఈ ఊళ్లో అందరికీ తెలుసు. నీళ్లలోకి దిగేది ఇద్దరిద్దరుగా, ఒడ్డున ఒకరు అలల మీదే కన్నేసి నిలబడతారు. లైఫ్ జాకెట్ లేకుండా బోటు ఎక్కనివ్వం. స్థానిక మత్స్యకారుడు "ఈరోజు వద్దు" అంటే ఆ రోజు ఒడ్డు మీదే పాఠం. దానిమీద చర్చ ఉండదు. ఆమ్లం సీసాలు పిల్లల చేతికి ఇవ్వం, అవి ల్యాబ్‌లోనే.

నోట్‌బుక్‌లో ఏమేం రాయాలి?

తేదీ, టైము, చోటు, జీపీఎస్ అంకెలు, పోటా పాటా, గాలి ఎటు నుంచి, ముందు రోజు వాన పడిందా, నీటి రంగు, వాసన, దగ్గర్లో ఏముంది, నీళ్లు ఎవరు పట్టారు. పెన్సిల్‌తో రాయండి, పెన్ను ఇంకు తడికి పాకిపోతుంది. సీసా మీద లేబుల్ మూతకు కాదు, ఒంటికి అంటించాలి. మూతలు మారిపోతాయి.

అంకె నచ్చలేదని కొట్టేయకండి. పక్కన ఎందుకు అనుమానమో రాసి అలాగే ఉంచండి.

మిగిలిపోయిన కెమికల్స్ ఇసుకలో పోసేయొచ్చా?

పొరపాటున కూడా వద్దు. వెనక్కి తేవడానికి ఒక ఖాళీ క్యాన్, దాని మీద పెద్ద అక్షరాలతో "వ్యర్థం" అని. వాడేసిన చేతి తొడుగులు, ఫిల్టర్ కాగితాలు మరో సంచిలో.

మేం చేసిన పరీక్షల ఫలితాలు ఎవరికైనా చెప్పాలా?

తీరం మీద ఉండేవాళ్లకు చెప్పాలి. ఒకసారి భీమిలిలో సీసాలు సర్దుకుంటుంటే, వల బాగు చేసుకుంటున్న ఒక పెద్దాయన "ఏటి బాబూ, మా నీల్లు ఏటి సెప్తన్నాయి?" అని అడిగారు. మా దగ్గర అప్పటికి జవాబు లేదు, ల్యాబ్‌కు వెళ్లాలి అన్నాం. "ఇలాగే పట్టుకెల్లినోల్లు సానామంది, మల్లీ వొచ్చి సెప్పినోడు లేడు" అన్నారు. వారం తర్వాత ముగ్గురు విద్యార్థులను తీసుకుని వెళ్లాను. ఒక పేజీలో తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసుకెళ్లాం: ఎక్కడ పట్టాం, ఆక్సిజన్ ఎంత, ఉప్పు ఎంత, చేపలకు ఎంత ఉండాలి. ఆయన చదివించుకుని విన్నారు. గెడ్డ కలిసే చోట అంకె తక్కువగా ఉందని చెప్పగానే, అక్కడ ఏ నెలలో నీళ్లు నల్లబడతాయో, ఏ చేప ముందు మాయమవుతుందో ఆయనే మాకు చెప్పడం మొదలుపెట్టారు. మరుసటి ఏడాది నీళ్లు పట్టే చోట్ల జాబితాలో ఆయన చూపించిన చోటు కూడా చేర్చాం.